కన్సిమ్

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర.
గుణుపురంలో పుట్టినవాడికి
మూడు నాలుకలు ఊరికే వస్తాయి.
నాలుగోది ఇంగ్లీషు,
బరంపురంలో రెండేళ్ళు ఫీజు కట్టి తెచ్చుకున్నాను.
అందుకే నన్ను పిలిచారు.
రోజుకి ఎనిమిది వందలు, మధ్యాహ్నం భోజనం,
జీపులో ముందు సీటు.

పని చిన్నదే.
ఢిల్లీ నుంచి వచ్చిన తనిఖీ ఆయన అడుగుతాడు,
కొండమీది వాళ్ళు చెబుతారు.
మధ్యలో నేను కాలవని.
కాలవ నీళ్ళు తాగకూడదు.

పొగరాని పొయ్యిలు పంచి రెండేళ్ళయింది.
ఒక్కో పొయ్యి ఏడాదికి మూడు టన్నుల పొగని
పుట్టకముందే ఆపేస్తుందని కాగితం.
ఆ పుట్టని పొగని
ఎక్కడో ఒక విమానాల కంపెనీ కొనుక్కుంది.
లేనిదాన్ని అమ్మడం మాకేం కొత్త కాదు,
మా సంతలో ఒకడు నాగమణి అమ్మేవాడు.
వాడు రసీదు మాత్రం ఇచ్చేవాడు కాదు.

జాబితాలో నలభై ఒకటో పేరు సొంబారి రైకా.
ఎర్రమట్టి గోడ. వంగితేగానీ పట్టని గుమ్మం.
లోపల మూడు రాళ్ళమీద చోడి అంబలి ఉడుకుతోంది.
పొగ మొహాన కొట్టింది.
తనిఖీ ఆయన కళ్ళు తుడుచుకుని
ఫారం మీదకి వంగాడు.

పొయ్యి ఉందా?
మూలకి చూపించింది. ఉంది.
నంబరు పలక తళతళలాడుతోంది, ఒక్క గీత పడలేదు.
రోజూ వాడతారా?
ఆమె నవ్వింది. కింద ఒక పన్ను లేదు.
"రోజూనే. కన్సిమ్."

కన్సిమ్ అంటే కోడి.
పొయ్యి నోట్లో గడ్డి, గడ్డిలో కోడి,
మమ్మల్ని చూసి రెక్కలు ఉబ్బించింది.
ఆయన కోడిని చూడలేదనను. చూశాడు.
ఫారంలో కోడికి గడి లేదు.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు.
ఇంకా పంతొమ్మిది ఇళ్ళు,
చీకటిపడితే ఘాటీ దిగడం కష్టం.
ఆయన పెన్ను నా నోటికోసం ఆగింది.
"రోజూ" అన్నాను.

అబద్ధం చెప్పలేదు,
రెండు మాటల్లో ఒకటి చెప్పాను.
ఆయనా అబద్ధం రాయలేదు, నేనన్నది రాశాడు.
పైవాళ్ళు ఆయన రాసింది కూడారు,
అరవై ఇళ్ళు చూసి
పదకొండు వేల ఇళ్ళకి హెచ్చవేశారు.
కొన్నవాడు ఆ హెచ్చవేతని నమ్మి
రెక్కమీద పచ్చటి ఆకు బొమ్మ వేయించుకున్నాడు.
ఇంతమందిమి పట్టుకున్నాం ఆ పొయ్యిని,
ఒక్కడి చేతికీ మసి కాలేదు.

జీపెక్కుతుంటే సొంబారి వెనకే వచ్చింది.
దాని నోరు చిన్నదంది, కొండకట్టె పట్టదంది,
పెద్ద కుండ పెడితే ఒరిగిపోతుందంది.
చెయ్యి కాలిన మచ్చ చూపించింది.
ఆయన "ఏమంటోంది?" అన్నాడు.
"మళ్ళీ రమ్మంటోంది."
ఇది మాత్రం అబద్ధమే.

వానలు వెళ్ళాక మళ్ళీ వెళ్ళాను.
ఎవరూ పంపలేదు.
కొండచీపుళ్ళ బేరానికని ఇంట్లో చెప్పాను.
పొయ్యి అక్కడే ఉంది, గడ్డి మారింది.
నేను ఏమీ అడగలేదు.
ఆమే వేళ్ళు మడుస్తూ మొదలెట్టింది:
పదమూడు పెట్టింది.
మూడు మురిగాయి.
ఒకటి పాము మింగింది.
ఒకటి నేనే వండుకున్నాను, ఆకలేసి.
మిగిలిన ఎనిమిదీ పిల్లలయ్యాయి, అదిగో చూడు.

కొండ దిగుతూ ఆ లెక్కని
నాలుగు భాషల్లోనూ చెప్పి చూసుకున్నాను.
ఏ భాషలోనూ ఒక్క గుడ్డు తగ్గలేదు.

గుమ్మంలో మా ఆవిడ
చీపుళ్ళేవని అడిగింది.
ఏం చెప్పాలా, అందులో
ఏ మాట వదిలెయ్యాలా అని
అప్పటికే వెతుక్కుంటోంది నా నోరు.